రూతు పక్కన చోటు

పెద్ద దొర ఆ ఏడు కొండకు పోలేదు.

ప్రతి వేసవికీ ఉగాది దాటగానే దొరా దొరసానీ రైలెక్కి కొడైకెనాలు వెళ్ళి, తొలకరి పడ్డాక తిరిగి వచ్చేవారు. జర్మనీ యుద్ధం ముగిసిన కొన్నేళ్ళకు వచ్చిన ఆ వేసవిలో మాత్రం మార్కాపురం బంగళాలోనే ఉండిపోయారు. వానలు వెనకబట్టాక వారు పని విరమించి శాశ్వతంగా అమెరికా వెళ్ళిపోవాలి. వెళ్ళేలోగా సంఘాన్ని శుభ్రం చేసి, తర్వాత వచ్చే దొర చేతిలో పెట్టాలని ఎల్మోరు దొర పట్టుదల.

"ఇల్లు ఖాళీ చేయువాడు ఊడ్చి పోవలెను గదా, ప్రకాశరావుగారూ" అన్నారు నాతో. ఆయన తెలుగు ఎప్పుడూ అలాగే ఉండేది. తప్పు ఉండేది కాదు, తడీ ఉండేది కాదు.

నేను మిషను బడికి హెడ్మాస్టర్ని. గుంటూరు కాలేజీలో ఎఫ్.ఏ. చదివినవాణ్ణి గనుక దొర ఉత్తరాలు, సంఘం తీర్మానాలు కూడా నేనే రాసిపెట్టేవాణ్ణి. నా భార్య లీదియా అంతకు రెండేళ్ళ ముందే పోయింది. ఒక్కడి కోసం పొయ్యి వెలిగించడం దండగనిపించి, రోజులో సగం బంగళా వరండాలోనే గడిపేవాణ్ణి. నేను తిన్నానో లేదో దొరసాని అడిగేవారు కాదు. నా ముందు ఒక పళ్ళెం పెట్టించి, అటు తిరిగి వేరే పని చూసుకునేవారు.

ముసలితనం వచ్చినా ఆ ఇద్దరి రోజులో మార్పు లేదు. కోడి కూసేవేళకు దొర లేచి, చన్నీళ్ళు పోసుకుని మోకరించేవారు. తెల్లవారాక దొరసాని వరండాలో మందుల బల్ల వేసేవారు. జ్వరానికి క్వినైను, కళ్ళకు చుక్కలు, పిల్లలకు ఆముదం. తర్వాత పనివాళ్ళతో ప్రార్థన. ఎండెక్కాక తలుపులకు వట్టివేళ్ళ తడికలు దించి నీళ్ళు చల్లితే, ఆ మసక చల్లదనంలో దొర చెప్తూంటే నేను రాసేవాణ్ణి. పొద్దు వాలాక ఇద్దరూ చేతికర్రలు పట్టుకుని కాంపౌండు చివర ఉన్న సమాధుల తోటకు నడిచేవారు. నా లీదియా అక్కడే ఉంది. వారి పిల్లలూ అక్కడే ఉన్నారు. అందరిలోకీ చిన్నది రూతు. ఏడాది నిండకుండానే పోయింది.

రూతుకు పాలిచ్చింది మగ్దలీనమ్మ. దొరసానికి పాలు పడకపోతే, ఊరి బయట పాలెం నుంచి ఆమెను పిలిపించారట. బిడ్డ పోయినా మనిషి బంగళాకు రావడం మానలేదు. రాత్రికి పాలెంలో కొడుకు ఏలీయా ఇంటికి వెళ్ళడం, తెల్లవారేసరికి మందుల బల్ల కాళ్ళ దగ్గర కూర్చోవడం, ఇది ఆమె జీవితం. దొరసాని తెలుగు నేర్చింది ఈమె దగ్గరే. ఆ తాలూకా మొత్తం మీద దొరసానిని 'నువ్వు' అని పిలిచే మనిషి కూడా ఈమె ఒక్కతే.

"చెయ్యి వణుకుతాంది నీకు. సగం మందు నేల తాగుతాంది."

"నీకు కన్ను కనపడదు గదా మగ్దలీనా, ఎట్ల తెలిసె?"

"చెవులుండాయిలే."

సమాధుల తోటలో రూతు పక్కన మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉండేది. అది మగ్దలీనమ్మకే అని దొరసాని ఎన్నడో మాట ఇచ్చారు. దొర కాదనలేదు. రోజూ సాయంత్రం మగ్దలీనమ్మ తడుముకుంటూ వెళ్ళి ఆ చోట రాలిన ఆకులు ఏరేసేది. "నా ఇల్లు ఊడ్చుకోవద్దా" అనేది ఎవరైనా నవ్వితే. కన్నబిడ్డను ఏడ్పించి దొరబిడ్డకు పాలిచ్చిన మనిషికి, ఆ బిడ్డ పక్కన పడుకోవడం తప్ప వేరే కోరిక ఉన్నట్టు నాకు తెలియదు.

వైశాఖం వచ్చేసరికి పాలెం బావిలో బురద మిగిలింది. మిషను బావి బంగళాకూ హాస్టలుకూ చాలడం లేదు. పుల్లయ్య తోటలోని మోటబావి ఒక్కటే దిక్కు. పుల్లయ్య ఊళ్ళో పెద్ద రైతు. పాలెం ఆడవాళ్ళు గట్టు మీద కుండలు పెట్టి దూరంగా నిలబడితే, మోట తోలే జీతగాడు నీళ్ళు వంచేవాడు.

బడికి రాని పిల్లల కోసం నేను పాలెం వెళ్ళిన రోజునే పుల్లయ్య అక్కడికి వచ్చాడు. పాలెం మొదట్లోనే ఆగి, గొడుగు కింద నిలబడి పిలిచాడు.

"ఏలీయా, అమ్మవారి కొలుపు దగ్గరికొచ్చె. డప్పు కొట్టేటోడు లేకపాయె."

"మేము కొట్టం గదా సామీ. డప్పులన్నీ దొర ఎప్పుడో కాల్పించినాడు. మీకు తెలవందా."

"డప్పు నేను రాచర్ల నుంచి తెప్పిస్తా. చేతులు నీయే గదా. మీ నాయన చేతులు అవి."

"చేతులు దేవునికిచ్చినాం సామీ."

పుల్లయ్య నవ్వాడు. "మంచిదే. నీళ్ళు గూడా ఆయన్నే పొయ్యమను."

నావైపు తిరిగి ఎంతో మర్యాదగా, "బాగుండారా అయ్యవారూ? ఎండన పడి వచ్చినారు, మజ్జిగ పంపిస్తా ఉండండి" అన్నాడు. పంపించాడు కూడా. అందులో అల్లం, కరివేపాకు వేసి ఉన్నాయి. మరునాటి నుంచి పాలెం కుండలు ఎండలో ఖాళీగా ఉండిపోయాయి.

ఆడవాళ్ళు వాగు ఇసుకలో చెలమలు తవ్వారు. ఊరిన కాసిని నీళ్ళ కోసం ఒకరి జుట్టు ఒకరు పట్టుకున్నారు. పాలెం చివరింట్లో చంటిపిల్ల విరేచనాలు పట్టి చచ్చిపోయింది. కొలుపు రోజున ఏలీయా డప్పు కొట్టాడు.

ఆ మోత బంగళాకు వినపడింది. దొర సమాధుల తోటలో కదలకుండా నిలబడి విన్నారు. పక్కన దొరసాని చేతికర్ర నేలమీద ఆ దెబ్బకు తగ్గట్టు చిన్నగా లేస్తూ పడుతూ ఉంది. ఆమెకు తెలియలేదు. నేను చూసి, ఆయన కంట పడకుండా కొంచెం అడ్డంగా నిలబడ్డాను.

మరునాడు పొద్దున పాలెంలో అందరి కుండలూ నిండాయి.

ఆదివారం ఆరాధన ముగిశాక దొర సంఘ పెద్దలను కూర్చోబెట్టి ఏలీయాను పిలిపించారు.

"నీవు విగ్రహము ఎదుట డప్పు కొట్టితివా?"

"కొట్టినా దొరా. దాహానికి కొట్టినా. అమ్మవారికి కాదు."

"దాహమునకు కొట్టినను డప్పు డప్పే. సంఘము ఎదుట నిలిచి, పాపము చేసితినని చెప్పుము. ఈ క్షణమే క్షమింతును."

"నీళ్ళు తాగినోళ్ళను చెప్పమనండి, నేను గూడా చెప్తా."

పెద్దలు తలలు దించుకున్నారు. వాళ్ళ ఇళ్ళల్లో ఆ పూట తాగిన నీళ్ళు పుల్లయ్య బావివే. ఏలీయాను సంఘం నుంచి తీసేయడానికి దొర ఓటు అడిగితే అందరూ చేతులెత్తారు. బయటికి వచ్చాక పెద్దల్లో ఒకడైన గిద్యోను నా పక్కన నడుస్తూ, అడక్కుండానే చెప్పాడు: "మా పిల్ల హాస్టల్లో ఉండాది అయ్యవారూ. చెయ్యి ఎత్తకుంటే ఉండనిస్తారా?"

సంఘం నుంచి తీసేసిన మనిషితో కలిసి తినకూడదు. అతని ఇంటి నిప్పు, నీళ్ళు ముట్టకూడదు. ముట్టినవాళ్ళకూ అదే శిక్ష. దొర యువకుడిగా వచ్చిన కొత్తలో పెట్టిన నియమం అది. బైబిలు ప్రకారమే పెట్టానని ఆయన నమ్మకం. పాలెం వాళ్ళు మాత్రం దొర దీన్ని ఊరి రైతుల దగ్గర నేర్చుకున్నాడనే అనుకునేవారు. వాళ్ళకు వెలి కొత్త కాదు. అందుకే తు.చ. తప్పకుండా పాటించారు.

ఇక మగ్దలీనమ్మ సంగతి. దొర ఆమెను వరండాలోకి పిలిచి, నెమ్మదిగానే చెప్పారు. "నీవు ఇక్కడనే ఉండుము. గది ఇప్పింతును. వాని ఇంట భుజింపవద్దు."

"వాని చేతి సంగటి తప్ప నాకు ఇంకోటి సయించదు దొరా."

"నియమము అందరికిని ఒకటే."

"వాడు డప్పు కొట్టినాడు. నేను సంగటి తిన్నా. రెండింట్ల యాది పెద్ద పాపం?"

దొర ఆమెను కూడా సంఘం నుంచి తీసేస్తూ నా చేత తీర్మానం రాయించారు. రాసేటప్పుడు నా వంక కాక కిటికీ వంక చూస్తూ చెప్పారు. ఆ మాత్రం కష్టం ఆయనకూ ఉంది.

మరునాటి నుంచి మందుల బల్ల దగ్గర దొరసాని ఒక్కరే ఉన్నారు. క్వినైను గ్లాసులో పోస్తూంటే సగం కింద పోయేది. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

రోహిణి కార్తెలో మగ్దలీనమ్మకు వడదెబ్బ తగిలింది. కబురు విని నేను వెళ్ళాను. గుడిసె చుట్టూ ఇళ్ళవాళ్ళు తలుపులు దగ్గరగా వేసుకుని సందుల్లోంచి చూస్తున్నారు. లోపల ఏలీయా తల్లి తలను ఒడిలో పెట్టుకుని ఉగ్గుగిన్నెతో గంజి పోస్తున్నాడు.

"ఎవరది, అయ్యవారా?" అంది. "దొరసానికి చెప్పు. నా చోటు ఇంకెవరికీ ఇయ్యొద్దని."

బంగళాకు వచ్చి దొరకు చెప్పాను. ఆయన కుర్చీలోంచి లేచి గోడ పట్టుకున్నారు. "నా రూతుకు పాలిచ్చినది" అన్నారు. తర్వాత అన్నారు: "ఒక్క మాట చాలును. ఇకమీదట వానితో భుజింపనని మీ ఎదుట చెప్పిన చాలును. నేనే వచ్చి ఆమెకు ప్రభువు బల్ల రొట్టె ఇత్తును. వెళ్ళండి, త్వరగా వెళ్ళండి."

మళ్ళీ ఆ ఎండలో వెళ్ళాను. చెప్పాను. ఏలీయా గిన్నె కింద పెట్టాడు.

"చెప్పమ్మా. మాటే గదా. నేనేమనుకోను."

"నోరు మూసుకో." ఆమె గొంతు పీలగా వచ్చింది. "వాడు పోసింది గొంతులో ఉండంగానే, వాడు వద్దని ఎట్ల చెప్పేది అయ్యవారూ? మింగినాక చెప్తాలే."

నవ్వబోయింది. దగ్గు వచ్చింది. ఏలీయా వీపు రాశాడు. నేను తలుపు దగ్గరే కూర్చున్నాను. ఆమె మింగింది, ఇంకో గుక్క అడిగింది, అదీ మింగింది. చెప్పలేదు. తెల్లవారేసరికి పోయింది.

నేను బంగళా చేరేసరికి దొరా దొరసానీ ఫలహారపు బల్ల దగ్గర ఉన్నారు. చెప్పాను.

"ఆ మాట పలికెనా?" అన్నారు దొర.

"లేదండీ."

ఆయన చెంచా కింద పెట్టి కళ్ళు మూసుకున్నారు. పెదవులు కదిలాయి. కళ్ళు తెరిచి, "అయితే ఆ తోటలో కాదు" అన్నారు.

నేను దొరసాని వంక చూశాను. ఆమె దొర టీలో పాలు పోశారు. నాకొక కప్పు తీసి, నేను వేసుకునేంత చక్కెర వేసి, కలిపి నా ముందుకు జరిపారు. తర్వాత లోపలికి వెళ్ళి ఒక దుప్పటి తెచ్చారు. తెల్లది, మడత విప్పనిది.

"దీంట్లో చుట్టమను" అన్నారు.

టీ తాగకుండా లేవడం నాకు చేతకాలేదు. తాగాను.

ఊరి శ్మశానంలోకి పాలెం వాళ్ళను ఎటూ రానివ్వరు. పాలెం పాత బొందలగడ్డను, మిషను తన సమాధుల తోటలో వాళ్ళకు చోటు ఇచ్చినప్పుడే పుల్లయ్య తండ్రి దున్నుకున్నాడు. మిగిలింది వాగు ఒడ్డు. మా గుడి పాస్టరు రాలేదు. మోసేవాళ్ళు రాలేదు. ఏలీయా, అతని భార్య సుశీలమ్మ, నేను. మా నేల సంగతి తెలిసిందే, జానెడు మన్ను కింద పలకరాయి. పార దిగలేదు. దూరాన గొర్రెలు మేపుకుంటున్న మల్లయ్య కాసేపు చూసి, తన గడ్డపార తెచ్చి, మాకు కొంత ఎడంగా నేలమీద పెట్టి వెళ్ళిపోయాడు. చేతికి ఇవ్వలేదు. ఐనా ఇచ్చాడు.

మోకాటి లోతు కంటే తవ్వలేకపోయాం. ఒడ్డున ఇసుకా పలకరాళ్ళూ ఏరి పైన పేర్చాం. నేను ప్రార్థన చేశాను. ఏలీయా కళ్ళు మూసుకోలేదు.

జ్యేష్ఠం చివర ఒక ఆదివారం ఏలీయా మిషను గుడిలోకి వచ్చాడు. చివరి చాప దాటి, ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు.

"నేను విగ్రహం ముందర డప్పు కొట్టినా. అది పాపం. దేవుడు నన్ను క్షమించాల. సంఘం క్షమించాల" అన్నాడు, బడిపిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు.

దొర బోధపీఠం దిగి వచ్చారు. ముసలికాళ్ళు తడబడ్డాయి. ఏలీయాను గుండెకు హత్తుకుని అందరి ముందూ ఏడ్చారు. అది నటన కాదు. అంత సంతోషం ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడలేదు. తన చేత్తోనే రొట్టె విరిచి అతని నోట్లో పెట్టారు.

ఆరాధన ముగిశాక గుడి వెనక తలుపు దగ్గర ఏలీయా దొరను ఆపాడు. నేను పక్కనే ఉన్నాను.

"ఇప్పుడు నేను సంఘంలో మనిషినే గదా దొరా?"

"నీవు నా సహోదరుడవు."

"అట్లయితే మా అమ్మను తోటలోకి తెచ్చుకుంటా. ఇంకా వాన పడలా. పైన రాళ్ళే ఉండాయి, తీస్తే చాలు. రూతమ్మ పక్కన చోటు అట్లనే ఉండాది గదా."

దొర చెయ్యి అతని భుజం మీదే ఉంది. ఆ చెయ్యి తియ్యకుండానే చెప్పారు: "నీవు పశ్చాత్తాపపడితివి, ఏలీయా. ఆమె పడలేదు. బ్రతికినవారిని నేను చేర్చుకొనగలను. మృతులను చేర్చుకొనుటకు నాకు అధికారము లేదు."

"ఆమె చేసిందేంది దొరా? సంగటి తినింది."

"తెలిసి చేసినది."

ఏలీయా దొర చొక్కా గుండీల వంక చూశాడు. "సరే దొరా" అన్నాడు. దొర అతని నెత్తిమీద చెయ్యి పెట్టి దీవించి వెళ్ళిపోయారు.

గేటు దాకా ఇద్దరం నడిచాం. అక్కడ ఆగి అడిగాడు. "అయ్యవారూ, ఇందాక చెప్పిన మాట వెనక్కి తీసుకోవచ్చునా?"

"లేదు ఏలీయా."

"ఊరికే అడిగినా, అంతే." నోట్లో ఇంకా ఏదో ఉన్నట్టు నాలుకతో పళ్ళు తడుముకున్నాడు.

ఆషాఢంలో ఒక్క పెట్టున కొండల మీద కురిసింది. వాగు ఒడ్డులు కోసుకుంటూ వచ్చింది. నీరు తీశాక వెళ్ళి చూశాను. మేం పేర్చిన రాళ్ళున్న చోట ఒడ్డే లేదు, ఎర్రనీటి మడుగు ఉంది. ఏలీయా కూడా వచ్చి చూశాడు. ఆ సంగతి నేను బంగళాలో చెప్పలేదు.

వారు వెళ్ళే వారం వచ్చింది. దొరకు దర్శిలో వీడ్కోలు సభ ఉండి పొద్దున్నే వెళ్ళారు. ఆయన బండి కనుమరుగయ్యాక దొరసాని నన్ను పిలిచారు.

"ప్రకాశరావుగారూ, ఎద్దులబండి కట్టించండి. మగ్దలీన కాడికి పోవాల."

ఏం చెప్పాలో తోచక, ఏలీయాను పిలిపించాను. అతను విన్నాడు. తలూపాడు. బండికి ముందు నడిచాడు. వాగు దగ్గరికి వచ్చాక ఒడ్డు వైపు తిరగకుండా, ఎగువన ఉన్న దిబ్బమీదికి బాట పట్టాడు. అక్కడ బాగా పేర్చిన రాళ్ళగుట్ట ఒకటి ఉంది.

"ఇదే అమ్మగారూ" అన్నాడు.

దొరసాని నా భుజం పట్టుకుని దిగారు. వద్దంటున్నా వినక, రాళ్ళ పక్కన తడినేల మీద మోకరించారు. తెలుగులోనే మాట్లాడారు.

"మగ్దలీనా, నేను నోరు తెరవలేకపోతి. ఆయన ఒక మాటన్నాక ఎదురు చెప్పింది లేదు, ఇన్నేండ్లలో. ఆ పూట గూడా చెప్పలేకపోతి. నువ్వైతే చెప్పుంటావు."

రెండు చేతులూ రాళ్ళమీద పరిచి చాలాసేపు ఉండిపోయారు. ఏలీయా చెయ్యి ఇస్తే లేచారు.

"మంచి చోటు చూసినావు ఏలీయా. మెరక. నీళ్ళు రావు."

"రావమ్మగారూ."

ఆమె బండి వైపు నడిచాక, నేను వెనక ఆగి మెల్లగా అడిగాను. "ఆ రాళ్ళ కింద ఏముంది?"

"మల్లయ్య గొర్రెలు. అమ్మవారు పోసి చచ్చినవి. పోయినేడు పూడ్చినాడు."

నేను అతని ముఖం వంక చూశాను. అందులో కోపం లేదు, జాలీ లేదు.

"మా అమ్మకు చోటు లేకపాయె" అన్నాడు. "ఈమెకు ఒకటి కావాల్సొచ్చె. చూపిచ్చినా."

పాలెం వైపు నడిచి వెళ్ళిపోయాడు. నేను బండెక్కి దొరసాని ఎదురుగా కూర్చున్నాను. ఆమె ముఖం తేలికపడి ఉంది. వేసవి మొదలైనప్పటి నుంచీ అలా చూడలేదు. గౌనుకు మోకాళ్ళ దగ్గర తడిమన్ను ముద్దలుగా అంటుకుని ఉంది. నా కండువాతో తుడవబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీండి" అన్నారు. "మగ్దలీన మన్ను అది."

కండువా మళ్ళీ భుజాన వేసుకున్నాను.